ఇంట్లో చిక్కటి, మెత్తటి ఫ్రెంచ్ టోస్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

పైన మాడింది, లోపల జారుతోంది. నీచు వాసన వస్తోంది. మా ఇంట్లో గుడ్డు తినరు, ఎలా? ఫ్రెంచ్ టోస్ట్ మాట ఎత్తితే ఈ మూడూ రాక మానవు. వాటితో పాటు తరచూ వచ్చే మిగతా సందేహాలనూ ఇక్కడ ఒకచోట చేర్చాం. కొలతలన్నీ హైదరాబాద్‌లో మామూలుగా దొరికే పాల ప్యాకెట్లు, బేకరీ బ్రెడ్డు, ఇంటి గ్యాస్ పొయ్యి లెక్కలో ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఇది చిన్నప్పుడు అమ్మ చేసిపెట్టిన బాంబే టోస్టే కదా? కొత్తగా ఏముంది?

చుట్టాలే, కానీ ఒకటి కాదు. బాంబే టోస్ట్‌కి గుడ్డు, పాలు, చక్కెర గిలక్కొట్టి, పల్చటి బ్రెడ్ ముక్కను అందులో ఇలా ముంచి అలా పెనం మీద వేస్తాం. గుడ్డు పైన పొరలా పట్టుకుంటుంది, లోపల బ్రెడ్ బ్రెడ్‌లాగే మిగులుతుంది. ఇక్కడ చెప్పుకునే పద్ధతిలో మిశ్రమం ముక్క నడిబొడ్డు దాకా ఇంకాలి, అక్కడే మెల్లగా ఉడికి జున్నులా గట్టిపడాలి. అందుకే మందపాటి ముక్క, ఆరిన బ్రెడ్డు, చిన్న మంట కావాలి. తేడా తెలియాలంటే అడ్డంగా కోసి చూడండి. మధ్యలో తెల్లటి పొడి గీత కనిపిస్తే అది బాంబే టోస్ట్. అంచు నుంచి అంచుకి ఒకే లేత పసుపు రంగు ఉండి, వేలితో తాకితే కొద్దిగా అదిరితే ఫ్రెంచ్ టోస్ట్.

పేరులో ఫ్రెంచ్ ఉంది, అక్కడిదేనా?

ఫ్రాన్స్‌లో దీన్ని 'పాన్ పెర్దూ' అంటారు. అంటే 'పోయిన రొట్టె', పాతబడి తినడానికి పనికిరాకుండా పోయిందని. కానీ వంట అంతకంటే చాలా పాతది. అంచులు తీసిన రొట్టెను పాలలో నానబెట్టి, నూనెలో వేయించి, తేనె పోసి తినడం ప్రాచీన రోమన్ల వంటల్లోనే ఉంది.

డబుల్ కా మీఠాకీ దీనికీ తేడా ఏమిటి?

వరస తిరగబడింది, అంతే. డబుల్ కా మీఠాకి డబుల్ రొట్టె ముక్కల్ని ముందు నెయ్యిలో ఎర్రగా వేయించి, ఆ తర్వాత చక్కెర పాకంలో, మరగబెట్టిన పాలలో నానబెడతారు. గుడ్డు ఉండదు. ఫ్రెంచ్ టోస్ట్‌కి ముందు నానబెట్టి తర్వాత కాలుస్తాం. అక్కడ ముక్క పాకం పీల్చి బరువెక్కుతుంది, ఇక్కడ లోపలి గుడ్డు గట్టిపడి ముక్కను నిలబెడుతుంది. తీపి కూడా ఇక్కడ చాలా తక్కువ.

కొలతలన్నీ ఒక్కచోట చెప్పండి.

అంగుళం మందం ముక్కలు 6కి: మొత్తం గుడ్లు 2, అదనంగా పచ్చసొనలు 2, వెన్న తీయని పాలు 200 మి.లీ., క్రీమ్ 50 మి.లీ., చక్కెర ఒకటిన్నర టేబుల్ స్పూన్లు (సుమారు 20 గ్రాములు), ఉప్పు పావు టీస్పూను, వెనిలా ఎసెన్స్ 1 టీస్పూను, దాల్చిన చెక్క పొడి పావు టీస్పూను. కాల్చడానికి ఒక్కో విడతకి వెన్న 1 టీస్పూను, నెయ్యి 1 టీస్పూను. ఉప్పు మాత్రం మానేయకండి. అది లేకపోతే చక్కెర ఎంత వేసినా చప్పగానే ఉంటుంది.

కొలత పాత్ర లేదు. గ్లాసు లెక్కలో ఎలా?

ఇంటికో గ్లాసు ఉంటుంది కాబట్టి ప్యాకెట్ లెక్కలో చెప్పుకుందాం. అర లీటరు పాల ప్యాకెట్‌లో సగానికి కాస్త తక్కువ పాలు, 200 మి.లీ. క్రీమ్ డబ్బాలో నాలుగో వంతు క్రీమ్. పాలు పదో ఇరవయ్యో మి.లీ. అటూ ఇటూ అయినా పర్వాలేదు. అర గ్లాసు ఎక్కువైతే మాత్రం లోపల గట్టిపడదు.

## బ్రెడ్డు

ఏ బ్రెడ్ కొనాలి?

కోయని మిల్క్ బ్రెడ్ దిమ్మ. బేకరీలో బ్రెడ్ చేతికి రాగానే అలవాటుగా యంత్రంలో పెట్టి ముక్కలు చేసేస్తారు. కాబట్టి డబ్బులిచ్చేటప్పుడే 'కట్ చేయొద్దు' అని చెప్పండి. ఇంటికి తెచ్చి, పళ్ల కత్తితో అంగుళం మందాన కోయండి. పీచులా లాగితే విడివడే, కాస్త తీపి ఉన్న రొట్టె కావాలి. అందులోని పాలు, వెన్న వల్ల గుజ్జు సన్నగా, దగ్గరగా ఉండి మిశ్రమాన్ని సమంగా పీలుస్తుంది. బ్రియోష్ (వెన్న, గుడ్డు ఎక్కువగా వేసి చేసే ఫ్రెంచ్ రొట్టె) దొరికితే ఇంకా మంచిది, కానీ ధర చూసుకోండి. మిల్క్ బ్రెడ్‌తో వచ్చే రుచికీ దానికీ ఉన్న తేడా ధరలో ఉన్నంత లేదు.

గోధుమ బ్రెడ్డు, గింజల బ్రెడ్డు దీనికి వద్దు. పొట్టు వల్ల నానాక ముక్క పొడిపొడిగా విరుగుతుంది. పుల్లటి సోర్‌డో అయితే దాని పెద్ద రంధ్రాల్లోంచి మిశ్రమం కారిపోయి పెనం మీద ఆమ్లెట్ అవుతుంది.

మా వీధి కిరాణాలో శాండ్‌విచ్ బ్రెడ్ ప్యాకెట్ తప్ప ఏదీ దొరకదు. పనికొస్తుందా?

వస్తుంది, కానీ పల్చటి ముక్కను ఒక్కదాన్నే నానబెడితే చిరిగిపోతుంది. రెండు ముక్కల మధ్య మీగడ పల్చగా రాసి, గట్టిగా అదిమి, ఒకే ముక్కగా చూసుకోండి. జంటని వైపుకి 20 సెకన్లు నానిస్తే చాలు. మీగడకి బదులు మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ రాస్తే పిల్లలు ఇష్టపడతారు. అంచుల దాకా రాయకుండా అర అంగుళం వదలండి, లేకపోతే జామ్ పెనం మీదికి కారి నల్లగా మాడుతుంది.

ఇరానీ హోటల్ బన్నుతో చేయొచ్చా?

చేయొచ్చు, బాగుంటుంది కూడా. నిన్నటి బన్ను అయితే మరీ మంచిది. అడ్డంగా రెండుగా చీల్చండి. గోధుమరంగు పైపొర ద్రవాన్ని దాదాపు పీల్చదు కాబట్టి కోసిన ముఖాన్ని కిందికి పెట్టి ఒకటిన్నర నిమిషం నాననివ్వండి, పై వైపు తడిపితే చాలు. పెనం మీద కూడా కోసిన ముఖమే ముందు. ముందే మస్కా రాసి ఇచ్చిన బన్ను తేవద్దు, వెన్న పట్టిన చోట మిశ్రమం ఇంకదు.

తాజా బ్రెడ్‌తో చేస్తే ముద్దయిపోతోంది. ఎందుకు?

తాజా రొట్టెలో తేమ ఎక్కువ, గోడలు మెత్తన. పాలు తగలగానే ఆ గోడలు కూలి ముద్దవుతుంది. ఒక రోజు గడిస్తే రొట్టెలోని పిండి పదార్థం మళ్లీ బిగుసుకుంటుంది, పైన తేమ కూడా తగ్గుతుంది. అప్పుడు ముక్క స్పాంజిలా పీల్చినా ఆకారం పోదు. బ్రెడ్ గట్టిపడటం, ఆరిపోవడం ఒకటి కాదు, ఇక్కడ రెండూ కావాలి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో కోసిన ముక్కల్ని జల్లెడ మీద పరిచి ఫ్యాన్ కింద పెడితే గంటలో పని అయిపోతుంది. పైన గరుకుగా, నొక్కితే లోపల ఇంకా మెత్తగా ఉన్నప్పుడు తీసేయండి. రస్కులా అయ్యిందంటే ఎక్కువ ఆరిందన్నమాట.

వానాకాలంలో ఎంతసేపు పెట్టినా ఆరడం లేదు.

గాలిలోనే తేమ ఉన్నప్పుడు ఫ్యాన్‌ని నమ్ముకోవద్దు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి పెట్టండి. ఓవెన్ లేకపోతే పొడి పెనం మీద సిమ్‌లో వైపుకి 2 నిమిషాలు, రంగు మారకుండా. రెండు రోజులు బయట ఉంచి ఆరబెడదామని చూస్తే ఆ కాలంలో బూజే వస్తుంది. ఎక్కడో ఒక మూల పచ్చటి చుక్క కనిపించినా ఆ ముక్క ఒక్కటే తీసి మిగతాది వాడకండి. బూజు పోగులు కంటికి కనపడనంత దూరం పాకి ఉంటాయి.

అంచులు తీసేయాలా?

వద్దు. నానిన ముక్కని ఎత్తేటప్పుడు దాన్ని పట్టి ఉంచేది ఆ అంచే.

## గుడ్డు, పాల మిశ్రమం

అదనంగా పచ్చసొనలు ఎందుకు? నాలుగు గుడ్లూ మొత్తంగా వేస్తే పోలేదా?

తెల్లసొన ఎక్కువైతే ముక్క రబ్బరులా సాగుతుంది, గుడ్డు రుచి ముందుకు వస్తుంది. పచ్చసొనలో కొవ్వు ఉంటుంది, అది మెత్తదనాన్ని ఇస్తుంది, రంగునిస్తుంది, పాలనీ క్రీమ్‌నీ విడిపోకుండా కలిపి ఉంచుతుంది. హోటల్లో తిన్నప్పుడు 'ఇందులో ఏదో ఉంది' అనిపించే రుచికి సగం కారణం ఇదే. మిగిలిన రెండు తెల్లసొనలు మర్నాటి ఆమ్లెట్‌లో కలిపేయండి.

ఏ పాల ప్యాకెట్ తీసుకోవాలి?

ప్యాకెట్ మీద 'ఫుల్ క్రీమ్' అని ఉన్నది, అందులో కొవ్వు కనీసం 6 శాతం ఉంటుంది. టోన్డ్ పాలలో 3 శాతమే కాబట్టి అవే ఉంటే పాలు 150 మి.లీ.కి తగ్గించి క్రీమ్ 100 మి.లీ.కి పెంచండి. పాలు కాచి, పూర్తిగా చల్లార్చి వాడాలి. గోరువెచ్చగా ఉన్నా పర్లేదు కానీ వేడి పాలు గుడ్డులో పోస్తే అక్కడికక్కడే తునకలు కడుతుంది.

క్రీమ్ లేదు. ఇంట్లో తీసిన మీగడ వేయొచ్చా?

వేయొచ్చు, రుచిలో డబ్బా క్రీమ్ కంటే మీగడే మేలు. చిక్కంతా దాని తునకలతోనే. 2 టేబుల్ స్పూన్ల మీగడను కాసిన్ని పాలతో మిక్సీలో ఒక్కసారి తిప్పండి. రెండోసారి తిప్పితే వెన్న తేలుతుంది. వారం రోజులు పోగేసిన పులిసిన మీగడ మాత్రం నెయ్యికే ఉంచండి, ఇందులో పులుపు తెలిసిపోతుంది.

నీచు వాసన రాకుండా ఏం చేయాలి?

అందరూ వెనిలా ఎక్కువ వేస్తారు. దాంతో వెనిలా వాసనా, నీచు వాసనా రెండూ వస్తాయి. అసలు కారణాలు వేరు.

మొదటిది, తెల్లసొన సరిగ్గా కలవకపోవడం. గిలక్కొట్టిన గిన్నెను వాల్చి చూడండి. జిగురుగా, తీగలా జారే ముద్దలు కనిపిస్తాయి. అవి ముక్క మీద అలాగే అంటుకుని, కాలాక తెల్లటి మచ్చలై వాసన కొడతాయి. గుడ్లను ముందు ఉప్పు, చక్కెరలతోనే నిమిషం పాటు కొట్టి, ఆ తర్వాత పాలు పోసి, చివరికి టీ జల్లెడలో వడపోయండి. జల్లెడలో మిగిలే తెల్లటి తాళ్లను చూస్తే ఎందుకు వడపోయమన్నామో అర్థమవుతుంది.

రెండోది, లోపల ఉడకకపోవడం. పచ్చిగా ఉన్న గుడ్డు ఎంత తాజాదైనా వాసన వేస్తుంది. మూడోది, పాత గుడ్లు. చల్లటి నీళ్ల గిన్నెలో వేస్తే అడ్డంగా పడుకున్న గుడ్డు తాజాది, నిలువుగా లేచిందంటే పాతబడుతోంది, తేలిందంటే పారేయండి.

ఇవన్నీ చేశాక కూడా ఇంట్లో ఎవరికైనా పడకపోతే అర టీస్పూను యాలకుల పొడి, చిటికెడు జాజికాయ వేయండి. మన ముక్కులకి వెనిలా కంటే యాలకులే ఎక్కువ నచ్చుతాయి.

చక్కెరకి బదులు బెల్లం వేయొచ్చా?

మిశ్రమంలో వద్దు. బెల్లంలోని పులుపు, ఉప్పులు పాలను విరగ్గొట్టే అవకాశం ఉంది, పైగా అది త్వరగా నల్లబడుతుంది. బెల్లం రుచి కావాలంటే కాలిన ముక్క మీద పాకంలా పోసుకోండి. చక్కెర కూడా చెప్పిన ఒకటిన్నర టేబుల్ స్పూన్లు దాటనివ్వకండి. తీపి ఎక్కువైన కొద్దీ పైన త్వరగా మాడుతుంది.

దాల్చిన చెక్క పొడి కలవదు, పైనే తేలుతుంది. మొదటి ముక్కకే మొత్తం అంటుకుంటోంది.

ఆ పొడి నీళ్లలో తడవదు. దాన్ని ముందు చక్కెరలో కలిపి, ఒక చెంచా క్రీమ్ పోసి పేస్టులా రుద్దండి. తర్వాత గుడ్లు వేయండి. అయినా కాసేపటికి కొంత పైకి వస్తుంది, ముక్క ముంచే ప్రతిసారీ ఫోర్క్‌తో ఒకసారి కలిపితే సరిపోతుంది.

మేం గుడ్డు తినం. గుడ్డు లేకుండా అవుతుందా?

అవుతుంది, కానీ అదే రుచి వస్తుందని చెప్పలేం. చల్లటి పాలు 250 మి.లీ., వెనిలా కస్టర్డ్ పొడి 2 టేబుల్ స్పూన్లు, క్రీమ్ 2 టేబుల్ స్పూన్లు, చక్కెర 1 టేబుల్ స్పూను, చిటికెడు ఉప్పు. కస్టర్డ్ పొడి అంటే ప్రధానంగా మొక్కజొన్న పిండే. అది వేడికి ఉబ్బి గట్టిపడుతుంది, గుడ్డు చేసే పనిలో సగం చేస్తుంది. కాయకుండా పచ్చిగానే కలపాలి. పిండి నిమిషంలో అడుగుకి చేరుతుంది కాబట్టి ముంచే ముందు ప్రతిసారీ కలపండి. ముక్కలు అర అంగుళం మందమే ఉండాలి, నానడం వైపుకి 20 సెకన్లు మించకూడదు. గుడ్డు పట్టు ఉండదు కాబట్టి ఎక్కువ నానితే పెనం మీద నుంచి లేవదు. శనగపిండి వేసే పద్ధతీ ఉంది. దాంతో వచ్చేది తియ్యటి బ్రెడ్ బజ్జీ.

## నానబెట్టడం

ఎంతసేపు నాననివ్వాలి?

ఆరిన అంగుళం మందం మిల్క్ బ్రెడ్‌కి వైపుకి ఒకటిన్నర నుంచి 2 నిమిషాలు. బ్రియోష్‌కి వైపుకి ఒక నిమిషం చాలు. అర అంగుళం ప్యాకెట్ ముక్కకి 10 సెకన్లు. వంటింట్లో తూకం ఉంటే గడియారం అక్కర్లేదు. 50 గ్రాముల పొడి ముక్క నానాక 100 నుంచి 110 గ్రాములు తూగాలి. 80 దగ్గరే ఆగితే మధ్యలో పొడి ఉంది, 120 దాటితే కాలేసరికి లోపల జారుగా ఉంటుంది. లోతు గిన్నె కాకుండా వెడల్పాటి పళ్లెం వాడండి, గిన్నెలో కింది ముక్క బరువుకి నలిగిపోతుంది.

ఎత్తేటప్పుడు ముక్క విరిగిపోతోంది.

చేత్తో ఒక మూల పట్టుకుని లేపితే విరగక తప్పదు. వెడల్పాటి అట్లకాడను మొత్తం కిందికి పోనిచ్చి ఎత్తండి. ఎత్తాక పళ్లెం మీదే మూడు నాలుగు సెకన్లు ఆగి, కారేది కారనివ్వండి. అప్పటికే మరీ మెత్తబడిపోయిందా? దాన్ని తీగ జాలీ మీద 5 నిమిషాలు ఉంచండి, అదనపు ద్రవం దిగి కాస్త బిగుస్తుంది.

రాత్రే నానబెట్టి పొద్దున కాల్చుకోవచ్చా?

బాగా ఆరిన, అంగుళానికి తగ్గని ముక్కలైతే సరే. మిశ్రమం మొత్తం పళ్లెంలో పోయకుండా, ముక్కకి సుమారు 60 మి.లీ. లెక్కన పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున చల్లగా ఉంటాయి కాబట్టి పెనం మీద వైపుకి ఒక నిమిషం అదనంగా పడుతుంది.

కలిపిన మిశ్రమం బయట ఎంతసేపు ఉండొచ్చు?

పచ్చి గుడ్డు, పాలు కలిశాయంటే మామూలు రోజుల్లో 2 గంటలు. వంటిల్లు 32 డిగ్రీలు దాటిందంటే గంటే. మన ఎండాకాలంలో వంటిల్లు పొద్దున పదింటికే ఆ వేడి దాటుతుంది కాబట్టి, చేసే దాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఫ్రిజ్‌లోనైనా ఒక రోజు మించొద్దు.

## పెనం మీద

పైన మాడిపోతోంది, లోపల పచ్చిగానే ఉంటోంది.

మంట ఎక్కువ. పదిమందిలో తొమ్మిదిమంది తప్పు ఇదే, ఎందుకంటే మనకి దోసె అలవాటు. పెనం బాగా కాలాలి, నీళ్లు చల్లితే చుయ్ మనాలి. దోసెకి అది సరే, అక్కడ పిండి మందం రెండు మిల్లీమీటర్లు. ఇక్కడ అంగుళం లోపలికి వేడి వెళ్లాలి. గుడ్డూ పాలూ కలిసిన మిశ్రమం 80 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. ఆ వేడి నడిమికి చేరడానికి వైపుకి 4 నిమిషాలు పడుతుంది. పైన ఉన్న చక్కెర, పాలు అంతసేపు మాడకుండా ఉండాలంటే మంట సిమ్‌కీ మీడియంకీ మధ్య, సిమ్ వైపే ఉండాలి.

చేసే తీరు ఇది. పెనం సిమ్‌లో 3 నిమిషాలు వేడెక్కనివ్వండి. నెయ్యి, దాని మీద వెన్న వేయండి. వెన్న నురగ కడుతుంది, ఆ నురగ చప్పుడు మెల్లగా తగ్గి, చిన్న బుడగలే మిగిలినప్పుడు ముక్క పెట్టండి. ముక్క పెట్టినప్పుడు వినీవినపడని చిటపట రావాలి. పెద్దగా చుయ్ అంటే పెనాన్ని పొయ్యి మీంచి అర నిమిషం పక్కకి తీయండి. 4 నిమిషాలు ముట్టుకోకండి. అంచు ఎత్తి చూస్తే తేనె రంగు ఉండాలి. తిప్పి మరో మూడున్నర నిమిషాలు. ఆ తర్వాత ముక్కను అట్లకాడ, గరిటె మధ్య నిలబెట్టి నాలుగు అంచులూ 20 సెకన్ల చొప్పున కాల్చండి. బయటికి తడి కారేది అంచుల్లోంచే.

లోపల ఉడికిందో లేదో కోయకుండా ఎలా తెలుస్తుంది?

మధ్యలో వేలితో నొక్కండి. లోపలికి దిగి అలాగే ఉండిపోతే పచ్చి. మెల్లగా పైకి లేస్తే అయ్యింది. సన్నటి చాకు మొన గుచ్చి తీస్తే పాలలాంటి ద్రవం అంటకూడదు. వంట థర్మామీటర్ ఉన్నవాళ్లకి నడిమధ్య 75 నుంచి 80 డిగ్రీలు. పిల్లలకీ గర్భిణులకీ పెట్టేటప్పుడు 71కి తగ్గకుండా చూసుకోండి.

వెన్నా, నెయ్యా, నూనా?

వెన్న ఒక్కటే వేస్తే రుచి బాగుంటుంది, కానీ అందులోని పాల పదార్థం రెండో విడతకల్లా నల్లటి చుక్కలవుతుంది. నెయ్యిలో ఆ పదార్థం ఉండదు, మాడదు, కానీ ఒక్క నెయ్యితో చేస్తే మిఠాయి వాసన వస్తుంది. అందుకే సగం సగం. నూనె కలిపితే వెన్న మాడదని చాలామంది అంటారు. అలా ఏం ఉండదు, వెన్న పాళ్లు తగ్గుతాయి కాబట్టి మాడే చుక్కలు తగ్గుతాయంతే. ప్రతి విడత తర్వాత పెనాన్ని కాగితంతో తుడిచి కొత్తగా వేయండి.

దోసె పెనం వాడొచ్చా?

ఉల్లిపాయ రుద్దని పెనం అయితే వాడొచ్చు. మందపాటి ఇనప పెనం వేడిని నిలకడగా ఉంచుతుంది. ఒకటే ఇబ్బంది, అది ఒకసారి వేడెక్కితే చల్లబడదు కాబట్టి మంట ముందే తగ్గించాలి. పల్చటి నాన్‌స్టిక్ అయినా సరే.

ముక్క చుట్టూ ఆమ్లెట్ పాదాల్లా వస్తున్నాయి.

ముక్క నుంచి కారిన మిశ్రమం అది. ఎత్తాక కారనివ్వకుండా పెట్టేశారు, లేదా పెనం మరీ చల్లగా ఉంది. అట్లకాడ అంచుతో కత్తిరించేయండి, తినేయండి.

ఓవెన్‌లోనో ఎయిర్ ఫ్రైయర్‌లోనో చేయొచ్చా?

పూర్తిగా అందులోనే చేస్తే పైన చర్మం కట్టి ఎండిపోతుంది. పెనం మీద వైపుకి 2 నిమిషాలు రంగు తెప్పించి, తర్వాత ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 7 నిమిషాలు పెడితే మాత్రం పెనం ఒక్కదాని కంటే బాగా వస్తుంది, ముక్క కొంచెం పొంగుతుంది కూడా. ఎయిర్ ఫ్రైయర్‌లో 160 దగ్గర 5 నిమిషాలు. రెండూ లేకపోతే చివరి నిమిషంన్నర పెనం మీద మూత పెట్టండి, తీశాక అర నిమిషం మూత లేకుండా ఉంచి పైన ఆరనివ్వండి.

పైన గాజు పొరలా పటపటలాడే చక్కెర ఎలా వస్తుంది?

దాదాపు అయిపోయిన ముక్క మీద అర టీస్పూను చక్కెర చల్లి, ఆ వైపు పెనం మీదికి తిప్పండి. మీడియం మంట మీద 40 నుంచి 60 సెకన్లు. చక్కెర కరిగి గోధుమరంగుకి మారి, మాడకముందటి తియ్యటి వాసన రాగానే తీసి జాలీ మీద పెట్టండి. నిమిషంలో బిగుస్తుంది. చేత్తో ముట్టుకోవద్దు, కరిగిన చక్కెర నూనె కంటే దారుణంగా కాలుస్తుంది.

## వడ్డించేటప్పుడు

మేపుల్ సిరప్ కొనాలా?

దాని రుచే కావాలంటే కొనండి, లేకపోతే అవసరం లేదు. తాటిబెల్లం 100 గ్రాములు, నీళ్లు 60 మి.లీ. కరిగించి, వడపోసి, 4 నిమిషాలు మరిగించి, చివర్లో ఒక చెంచా వెన్న, చిటికెడు ఉప్పు వేయండి. తీగ పాకం దాకా పోనివ్వకండి, చల్లారితే బండరాయి అవుతుంది.

పళ్లు ఏవి బాగుంటాయి?

మే నెలలో బంగినపల్లి ముక్కలు, నిమ్మరసం రెండు చుక్కలతో. వానలు తగ్గాక సీతాఫలం గుజ్జు, చల్లటి క్రీమ్‌లో కలిపి. సీతాఫలాన్ని వేడి చేయకండి, చేదెక్కుతుంది. అరటిపండు ఎప్పుడైనా సరే.

పదిమంది వస్తున్నారు. అందరికీ వేడివేడిగా ఎలా?

కాలిన ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకండి, ఆవిరికి తడిసిపోతాయి. ఓవెన్ 100 డిగ్రీలకి పెట్టి, తీగ జాలీ మీద పరచండి. అరగంట దాకా ఢోకా లేదు. హాట్ బాక్స్ చపాతీకి మంచిది, దీనికి కాదు.

కారంగా చేసుకోవచ్చా?

చక్కెర, వెనిలా, దాల్చిన చెక్క తీసేసి ఉప్పు అర టీస్పూను, మిరియాల పొడి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర వేయండి. ఉల్లిపాయ మిశ్రమంలో వేయకండి, ముక్క పెనానికి సరిగ్గా ఆనదు. ఇరానీ చాయ్ పక్కన తియ్యటి దానికంటే ఇదే నప్పుతుంది.

## మిగిలితే

ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంటుంది? మళ్లీ వేడి ఎలా?

2 రోజులు. ఫ్రీజర్‌లో అయితే పూర్తిగా చల్లార్చి, ముక్కల మధ్య బటర్ పేపర్ పెట్టి, నెల. వేడి చేయడానికి ఓవెన్‌లో 180 దగ్గర 8 నిమిషాలు, లేదా సిమ్‌లో పొడి పెనం మీద మూతపెట్టి. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతుంది.

మిశ్రమం కొంచెం మిగిలింది, పారేయాలా?

అక్కర్లేదు. ఎండిన అంచులు, విరిగిన ముక్కలు అందులో వేసి, చిన్న స్టీలు గిన్నెలో మూతపెట్టి, ఇడ్లీ పాత్రలో 15 నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. బ్రెడ్ పుడ్డింగ్ అవుతుంది. బ్రెడ్ ముంచిన మిశ్రమాన్ని మర్నాటికి మాత్రం దాచకండి.

గిన్నెలకీ జల్లెడకీ గుడ్డు వాసన పోవడం లేదు.

ముందే వేడినీళ్లు పోసి ఉంటారు. వేడికి గుడ్డు గట్టిపడి జల్లెడ కన్నాల్లో అతుక్కుంటుంది, ఇక ఎంత తోమినా కదలదు. మొదట చన్నీళ్లతో కడిగి, పొడి శనగపిండి చల్లి చేత్తో రుద్ది, ఆ తర్వాతే సబ్బు, వేడినీళ్లు. జల్లెడకి పాత టూత్‌బ్రష్ వాడండి.